త్రాసు పట్టిన తత్త్వవేత్త - లేవోయిజర్

చెంబు అంటే ఏమిటని పసిపిల్లవాడు అడిగితే చెంబు తెచ్చి చూపిస్తాం. చింతచెట్టు అంటే ఏమిటని అడిగితే చెట్టు దగ్గరకు తీసుకుపోయి చూపిస్తాం. బరువు అంటే ఏమిటని అడిగితే మాత్రం దేనిని చూపించాలి? రాయిని చూపిస్తే అది రాయి. ఇనుప గుండును చూపిస్తే అది గుండు. బరువు ఆ రెండింటిలోనూ ఉంది, కాని వాటిలో ఏదీ బరువు కాదు. వేడి, కాలం, మూలకం, న్యాయం వంటి మాటలు కూడా ఇటువంటివే. వేలితో చూపగలిగినవి వస్తువులు. బుద్ధితో గ్రహించవలసినవి భావనలు. వస్తువుకు పేరు పెట్టి చూపిస్తే చాలు. భావనకు పేరు పెట్టినంత మాత్రాన చాలదు, దానికి హద్దులు కూడా గీయాలి. అలా హద్దులు గీయడాన్నే నిర్వచనం అంటాం.

నిర్వచనం ఎలా ఉండాలో మన తర్కశాస్త్రజ్ఞులు పూర్వమే ఆలోచించారు. నిర్వచనానికి మూడు దోషాలు ఉండరాదని వారు చెప్పారు. గోవును ఉదాహరణగా తీసుకొన్నారు. కపిల వర్ణం గలది గోవు అంటే తెల్లని ఆవుకు ఆ మాట వర్తించదు. ఇది అవ్యాప్తి. కొమ్ములు గలది గోవు అంటే గేదెకు కూడా వర్తిస్తుంది. ఇది అతివ్యాప్తి. చీలని ఒంటి గిట్ట గలది గోవు అంటే ఏ ఆవుకూ వర్తించదు. ఇది అసంభవం. అయితే గోవు కంటికి కనిపించే జంతువు. నిర్వచనం తప్పయితే ఎదురుగా నిలబడిన ఆవే ఆ తప్పును పట్టిస్తుంది. కంటికి కనిపించని దానిని నిర్వచించినప్పుడు తప్పును పట్టించేది ఏది? పద్దెనిమిదవ శతాబ్దంలో ఈ ప్రశ్నకు త్రాసు సహాయంతో సమాధానం వెదికిన మహాశాస్త్రవేత్త ఆంట్వాన్ లోరాన్ లేవోయిజర్. ఆధునిక రసాయనశాస్త్ర పితామహుడని లోకం ఆయనను గౌరవిస్తుంది.

లేవోయిజర్ 1743 ఆగస్టు 26న ఫ్రాన్సు రాజధాని పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి పేరున్న న్యాయవాది. ఐదేళ్ళ వయసులోనే తల్లి మరణించడంతో పినతల్లి ఆ పిల్లవాణ్ణి కన్నకొడుకులా పెంచింది. పదకొండవ ఏట అతడు మజరాఁ కళాశాలలో చేరాడు. వంశవృత్తిని అనుసరించి న్యాయశాస్త్రం చదివి 1764లో పట్టా పుచ్చుకొన్నాడు. కాని మనసంతా విజ్ఞానశాస్త్రం మీదే ఉంది. లాకాయ్ అనే పండితుని వద్ద గణితం, ఖగోళశాస్త్రం నేర్చుకొన్నాడు. గెటార్ వెంట తిరిగి నేలలను, రాళ్ళను పరిశీలించాడు. రువెల్ ప్రసంగాలు విని రసాయనశాస్త్రంపై ఆసక్తి పెంచుకొన్నాడు. న్యాయశాస్త్ర చదువు కూడా ఆయనకు వ్యర్థం కాలేదు. సాక్ష్యం లేనిదే దేనినీ ఒప్పుకోరాదన్న పట్టుదల ఆయన ప్రయోగాలన్నిటిలోనూ కనిపిస్తుంది.

రాత్రివేళ నగరపు వీధులకు వెలుతురు ఇచ్చే మంచి పద్ధతిని సూచిస్తూ ఆయన రాసిన వ్యాసానికి 1766లో రాజుగారి బంగారు పతకం లభించింది. 1768లో, ఇరవై ఐదేళ్ళయినా నిండకముందే, ఫ్రెంచి విజ్ఞానశాస్త్ర అకాడమీలో ఆయనకు స్థానం దొరికింది.

అదే సంవత్సరం ఆయన మరొక పని కూడా చేశాడు. అప్పట్లో ఫ్రాన్సులో ఉప్పు, పొగాకు మొదలైన వాటిపై పన్నులు వసూలు చేసే హక్కును రాజు ఒక సంస్థకు గుత్తకు ఇచ్చేవాడు. గుత్తేదారులు రాజుకు నిర్ణీతమైన సొమ్ము చెల్లించి, మిగిలినది తాము ఉంచుకొనేవారు. లేవోయిజర్ తన సొమ్ముతో ఆ గుత్తలో వాటా కొన్నాడు. ఆ రాబడితోనే తరవాతి కాలంలో ఐరోపాలో మరెవరి దగ్గరా లేనంత మంచి త్రాసులు, పరికరాలు సమకూర్చుకొన్నాడు. ప్రజలు మాత్రం ఆ గుత్తేదారులను తీవ్రంగా ద్వేషించేవారు. ఆయన కీర్తికి తోడ్పడిన ఆ ధనమే చివరకు ఆయన ప్రాణానికి ముప్పు తెచ్చింది.

ఆ కాలపు పండితులలో చాలామంది మట్టి, నీరు, గాలి, నిప్పు అనేవే మూలపదార్థాలని నమ్మేవారు. నీటిని ఎక్కువ కాలం కాస్తే అది మట్టిగా మారుతుందని కూడా అనుకొనేవారు. గాజు పాత్రలో నీరు కాచినప్పుడు అడుగున మట్టివంటి పదార్థం మిగలడమే వారు చూపే సాక్ష్యం. లేవోయిజర్ ఆ మాటను కొట్టివేయలేదు, అలాగని నమ్మనూ లేదు. ఖాళీ గాజు పాత్రను తూచాడు. అందులో శుద్ధమైన నీరు పోసి మూత బిగించి మళ్ళీ తూచాడు. 101 రోజుల పాటు సన్నని మంటపై కాచాడు. అడుగున మట్టి కనిపించింది. పాత్ర మొత్తం బరువు మాత్రం మారలేదు. నీరు తీసివేసి ఖాళీ పాత్రను తూస్తే దాని బరువు తగ్గింది. ఆ తగ్గుదల ఇంచుమించు మట్టి బరువుతో సరిపోయింది. అంటే ఆ మట్టి నీటి నుంచి పుట్టలేదు, గాజు నుంచి అరిగి వచ్చింది. ఎంతో కాలంగా సాగిన వాదాన్ని త్రాసు ముల్లు తేల్చివేసింది.

అంతకంటె పెద్ద వాదం ఇంకొకటి ఉంది. వస్తువులు ఎందుకు మండుతాయి? జర్మనీకి చెందిన స్టాల్ అనే వైద్యుడు దీనికి ఒక సమాధానం ప్రచారంలోకి తెచ్చాడు. మండే ప్రతి వస్తువులోనూ ఫ్లోజిస్టన్ అనే పదార్థం ఉంటుందట. వస్తువు మండినప్పుడు అది బయటికి పోతుందట. కట్టె కాలి గుప్పెడు బూడిద మిగిలితే ఈ మాట నిజమేననిపిస్తుంది. లోహాన్ని గాలిలో కాల్చినప్పుడు భస్మం కావడానికి కూడా ఫ్లోజిస్టన్ వెళ్ళిపోవడమే కారణమన్నారు. కాని ఇక్కడ ఒక చిక్కు ఉంది. లోహభస్మం లోహం కన్న ఎక్కువ బరువు తూగుతుంది. ఒక పదార్థం బయటికి పోతే బరువు తగ్గాలి కదా, ఎలా పెరుగుతుంది? కొందరు దీనికి కూడా సమాధానం కల్పించారు. ఫ్లోజిస్టన్ అన్నిటి వంటిది కాదనీ, అది ఉన్నచోట బరువు తగ్గుతుందనీ, పోయినచోట పెరుగుతుందనీ అన్నారు.

ఫ్లోజిస్టన్‌ను ఎవరూ సీసాలో పట్టి చూపలేదు. అది భావన మాత్రమే. కాని మంచి పేరు దొరికేసరికి అది నిజంగా ఉన్న వస్తువేనని అందరూ అనుకొన్నారు. కట్టెలో ఒకలా, లోహంలో మరొకలా, అవసరాన్ని బట్టి దాని గుణాలు మార్చుకొంటూ పోయారు. అన్నిటికీ సర్దుబాటయ్యే మాటను ఏ ప్రయోగంతోనూ పరీక్షించలేము. అందులోని లోపాన్ని లేవోయిజర్ గుర్తించాడు.

1772లో ఆయన గంధకాన్ని, భాస్వరాన్ని మండించి చూశాడు. అవి మండి ఏర్పడిన పదార్థాల బరువు తగ్గలేదు, పెరిగింది. గాలిలోని ఏదో భాగం వాటితో కలుస్తున్నదని ఆయనకు తోచింది. ఈ సంగతి రాసి, కాగితానికి ముద్ర వేసి, ఆ సంవత్సరం నవంబరు 1న అకాడమీకి అప్పగించాడు. అయితే గాలిలోని ఆ భాగం ఏమిటో ఆయనకు ఇంకా తెలియదు.

1774 అక్టోబరులో ఇంగ్లండు నుంచి జోసెఫ్ ప్రీస్ట్లీ పారిస్ వచ్చాడు. లేవోయిజర్ ఇంట విందులో మాటల మధ్య తాను చేసిన ఒక ప్రయోగాన్ని వివరించాడు. పాదరసపు ఎర్రని భస్మాన్ని వేడిచేస్తే ఒక వాయువు వెలువడిందనీ, అందులో కొవ్వొత్తి ఎంతో కాంతితో మండిందనీ చెప్పాడు. అంతకు ముందే స్వీడన్‌కు చెందిన షీలే అనే మందుల తయారీదారు కూడా ఆ వాయువును వేరుచేసి ఉన్నాడు. వాయువును ముందుగా తయారు చేసిన ఘనత ఈ ఇద్దరిదే. తరవాత లేవోయిజర్ తాను కూడా దానిని కనుగొన్నవారిలో ఒకడినని చెప్పుకొన్నాడు. ఆ మాటను లోకం అంగీకరించలేదు.

లేవోయిజర్ ఘనత వేరొక చోట ఉంది. ఆయన నాలుగు ఔన్సుల పాదరసాన్ని, వంపు తిరిగిన మెడ గల గాజు పాత్రలో పోశాడు. దానికి అందే గాలిని 50 ఘనపు అంగుళాలుగా కొలిచి పెట్టాడు. పన్నెండు రోజులు ఎడతెగకుండా వేడిచేశాడు. పాదరసంపై ఎర్రని భస్మం తేలింది. గాలి 42 లేక 43 ఘనపు అంగుళాలకు తగ్గింది. మిగిలిన గాలిలో దీపం ఆరిపోయింది, ప్రాణులు బ్రతకలేదు. ఆ భస్మాన్ని పోగు చేస్తే 45 గ్రెయిన్లు తూగింది. దానిని వేరొక పాత్రలో గట్టిగా వేడిచేస్తే 41½ గ్రెయిన్ల పాదరసం, ఏడెనిమిది ఘనపు అంగుళాల వాయువు వచ్చాయి. గాలి నుంచి ఎంత పోయిందో దాదాపు అంతా తిరిగి వచ్చిందన్న మాట. ఆ వాయువును మిగిలిన గాలిలో కలిపితే మళ్ళీ మామూలు గాలి తయారైంది. పోయినదీ వచ్చినదీ లెక్క సరిపోయింది. ఆ లెక్కలో ఫ్లోజిస్టన్‌కు చోటే లేదు.

ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ప్రీస్ట్లీ పాత్రలో ఉన్నదీ, లేవోయిజర్ పాత్రలో ఉన్నదీ ఒకే వాయువు. వస్తువు ఒక్కటే, భావనలు మాత్రం వేరు. ప్రీస్ట్లీ దానిని ఫ్లోజిస్టన్ తొలగిన గాలి అన్నాడు. షీలే అగ్నివాయువు అన్నాడు. లేవోయిజర్ దానిని గాలిలో ఒక భాగంగా, లోహాలతోను గంధకంతోను కలిసే ప్రత్యేక పదార్థంగా గుర్తించాడు. ప్రీస్ట్లీ చేయి తిరిగిన ప్రయోగవేత్త. అయినా పాత పేరును విడువలేక 1804లో మరణించే వరకు ఫ్లోజిస్టన్‌నే నమ్మాడు. ఎదురుగా ఉన్న వస్తువును చూడడానికి కూడా సరియైన భావన అవసరమని ఆయన కథ తెలుపుతుంది.

నీటి విషయం కూడా ఇటువంటిదే. మండే వాయువు ఒకటి మండినప్పుడు నీటి బొట్లు ఏర్పడతాయని ఇంగ్లండులో కేవెండిష్ గమనించాడు. 1783లో లేవోయిజర్, లాప్లాస్ కలిసి ఆ ప్రయోగం చేశారు. ఆ తరవాత లేవోయిజర్ ఎర్రగా కాల్చిన ఇనుప గొట్టం గుండా నీటి ఆవిరిని పంపి నీటిని విడగొట్టాడు. విడగొట్టినా, కలిపినా ఒకే ఫలితం వచ్చింది. నీరు మూలపదార్థం కాదనీ, రెండు వాయువుల కలయిక అనీ తేలింది. వేల సంవత్సరాలుగా మూలపదార్థాల వరుసలో నిలిచిన నీరు ఆ వరుస నుంచి తొలగిపోయింది.

ఈ కృషిలో ఆయన భార్య మరీ ఆన్ పాత్ర చాలా గొప్పది. 1771లో వివాహం నాటికి ఆమెకు పదమూడేళ్ళు, ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఆమె రసాయనశాస్త్రం నేర్చింది. భర్తకు రాని ఇంగ్లీషు భాషను పట్టుదలతో నేర్చుకొని అక్కడి శాస్త్రగ్రంథాలను ఫ్రెంచిలోకి అనువదించింది. ఫ్లోజిస్టన్‌ను సమర్థిస్తూ కిర్వాన్ రాసిన గ్రంథాన్ని కూడా ఆమె అనువదించింది. ఆ గ్రంథంలోని వాదాలకు సమాధానాలను చేర్చి 1788లో ప్రకటించారు. ప్రసిద్ధ చిత్రకారుడు డేవిడ్ వద్ద చిత్రకళ అభ్యసించి పరికరాల బొమ్మలను కొలతలతో సహా గీసింది. ప్రయోగశాలలో అంకెలు నమోదు చేసే పని కూడా ఆమెదే.

కొత్త సంగతులు తెలిసిన కొద్దీ పాత పేర్లు అడ్డుపడసాగాయి. ఆ రోజుల్లో రసాయన పదార్థాలకు ఎవరికి తోచిన పేరు వారు పెట్టేవారు. ఒక విష పదార్థాన్ని పాషాణపు వెన్న అనేవారు. ఒక తెల్లని భస్మాన్ని యశదపు పువ్వులు అనేవారు. పేరు విన్నవాడికి ఆ వెన్న తింటే చస్తామని తెలియదు, ఆ పువ్వు ఏ తీగకూ పూయదని తెలియదు. మనం మాటలతోనే ఆలోచిస్తామనీ, మాటలు సరిగా లేకపోతే ఆలోచన సరిగా సాగదనీ కొందియాక్ అనే ఫ్రెంచి తత్త్వవేత్త బోధించాడు. లేవోయిజర్ ఆ బోధను శ్రద్ధగా గ్రహించాడు. గీటాన్ ద మోర్వో, బెర్తొలే, ఫూర్‌క్రోయ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులతో కలిసి 1787లో కొత్త నామకరణ పద్ధతిని ప్రకటించాడు. పదార్థం దేనితో తయారైందో దాని పేరే చెప్పాలన్నది ఆ పద్ధతిలోని సూత్రం. నేడు మనం ఆక్సైడు, సల్ఫేటు అని చెప్పే మాటలు ఆ పద్ధతి నుంచి వచ్చినవే.

1789లో లేవోయిజర్ రసాయనశాస్త్ర ప్రాథమిక గ్రంథం వెలువడింది. మూలకం అంటే ఏమిటన్న పాత ప్రశ్నను ఆయన అందులో కొత్త దారిలో పరిష్కరించాడు. ప్రపంచం చివరికి ఏ పదార్థాలతో తయారైందో ఊహించి చెప్పడం ఆయన మానుకొన్నాడు. మనకు తెలిసిన ఏ విధానంతోనైనా ఇంతవరకు ఇంకా సరళమైన పదార్థాలుగా విడగొట్టలేకపోయిన దానిని ప్రస్తుతానికి మూలకంగా భావిద్దామన్నాడు. రేపు ఎవరైనా దానిని విడగొడితే అది మూలకాల పట్టిక నుంచి తొలగిపోతుంది. ఈ నిర్వచనం ఏ వస్తువునూ వేలితో చూపదు. ఏ వస్తువును చేతికి ఇచ్చినా అది మూలకమో కాదో పరీక్షించే దారి మాత్రం చూపుతుంది. గోవు విషయంలో ఎదురుగా ఉన్న ఆవు చేసే పనిని ఇక్కడ ప్రయోగం చేస్తుంది.

ఆ గ్రంథంలో ఆయన 33 మూలపదార్థాలను పేర్కొన్నాడు. బంగారం, వెండి, రాగి, ఇనుము, గంధకం, భాస్వరం అందులో ఉన్నాయి. సున్నం వంటి కొన్ని మట్టి పదార్థాలను కూడా చేర్చి, అవి లోహాల భస్మాలు కావచ్చునని అనుమానం వెలిబుచ్చాడు. పట్టికలో అన్నిటికన్న ముందు మాత్రం కాంతిని, కెలోరిక్‌ను పెట్టాడు. కెలోరిక్ అంటే ఆయన ఊహ ప్రకారం వేడికి కారణమైన ప్రవాహ పదార్థం. దానికి బరువు లేదు, దానిని ఎవరూ సీసాలో పట్టలేదు. ఫ్లోజిస్టన్‌లో ఏ దోషం ఉందో కెలోరిక్‌లో కూడా ఆ దోషమే ఉంది. పేరున్నది గనుక వస్తువు ఉంటుందన్న భ్రమను లోకానికి పట్టించి చూపినవాడు తాను కూడా ఆ భ్రమకు లోనయ్యాడు.

అయినా వేడిని కొలవడంలో ఆయన పొరపడలేదు. లాప్లాస్‌తో కలిసి మంచుతో నిండిన ఒక పాత్రను తయారుచేశాడు. మధ్య గదిలో గినీ పందిని ఉంచి, అది విడిచిన వేడికి ఎంత మంచు కరిగిందో తూచాడు. శ్వాసక్రియ నెమ్మదిగా జరిగే ఒక దహనమేనని దీనివల్ల గ్రహించాడు. వేడి ఒక పదార్థమా లేక కణాల చలనమా అన్నది తేలకపోయినా ఈ కొలతలు చెల్లుతాయని ఆ ఇద్దరూ తమ వ్యాసంలో స్పష్టం చేశారు. కెలోరిక్ పోయిన తరవాత కూడా ఆ కొలతలు నిలిచాయి.

1789లోనే ఫ్రాన్సులో విప్లవం బయలుదేరింది. రాజ్యంలో మార్పు వచ్చింది. తూనికలు, కొలతలలో కూడా మార్పు కావాలని ప్రజలు కోరారు. అంతవరకు ఊరికొక తూనిక ఉండేది. పేరు ఒక్కటే అయినా బరువు ఒక్కటి కాదు. మన దేశంలో కూడా సేరు అన్న మాటకు ఒక ప్రాంతంలో ఒక బరువు, మరొక ప్రాంతంలో మరొక బరువు ఉండేది. అమాయకుణ్ణి మోసగించడానికి ఇది మంచి అవకాశం. ఏ రాజు అడుగునో, ఏ ఊరి రాతినో ఆధారం చేసుకోకుండా, అందరికీ సమానమైన ప్రకృతి నుంచి కొలతలు తీసుకోవాలని అకాడమీ నిర్ణయించింది. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ వరకు గల దూరంలో కోటవ వంతు మీటరు అయింది. నిర్ణీత ఘనపరిమాణం గల శుద్ధమైన నీటి బరువు తూనికకు ఆధారమైంది. ఆ నీటిని తూచే బాధ్యతను లేవోయిజర్, హాయీ అనే శాస్త్రజ్ఞుడు స్వీకరించారు. 1793 ఆరంభంలో వారు ఆ పని చేశారు. కిలోగ్రాముకు పునాది అదే.

ఇంతలో విప్లవం ఉగ్రరూపం దాల్చింది. అంతకు చాలాకాలం ముందు, 1780లో, మరా అనే వైద్యుడు అగ్నిద్రవాన్ని కంటికి కనబడేట్లు చేశానని చెప్పుకొన్నాడు. అకాడమీ దానిని ఆమోదించిందన్న ప్రచారం సాగగా లేవోయిజర్ దానిని ఖండించాడు. ఆ మరా విప్లవకాలంలో పలుకుబడి గల పత్రికా రచయిత అయ్యాడు. 1791లో లేవోయిజర్‌ను దుయ్యబడుతూ రాశాడు. 1793లో మరా హత్యకు గురయ్యాడు గాని పన్నుల గుత్తేదారులపై జనం కోపం చల్లారలేదు. అదే సంవత్సరం ఆగస్టు 8న ప్రభుత్వం అకాడమీని రద్దుచేసింది. నవంబరులో గుత్తేదారులందరినీ నిర్బంధించమని ఆజ్ఞ వెలువడింది. లేవోయిజర్ తనంతట తానే వచ్చి లొంగిపోయాడు. తూనికల సంఘం సభ్యులు ఆయనను విడిచిపెట్టమని కోరినా ఫలితం లేకపోయింది. చెరసాలలో కూడా ఆయన తన శాస్త్ర వ్యాసాలను సంపుటాలుగా కూర్చే పని సాగించాడు.

గుత్తేదారులు పొగాకులో నీరు కలిపారనీ, అధిక లాభాలు గుంజారనీ, ప్రజలకు వ్యతిరేకంగా కుట్ర చేశారనీ ఆరోపించారు. ఆ సంస్థ ప్రజలను పీడించిన మాట నిజమే. కాని ఎవరు ఎంత తప్పు చేశారో విడివిడిగా తూచి చూసిన న్యాయం అక్కడ జరగలేదు. గుత్తేదారులనే ఒక్క పేరు కింద 28 మందినీ చేర్చి విచారించారు. 1794 మే 8న తీర్పు చెప్పి, ఆ రోజే గిలటిన్ కింద శిరచ్ఛేదం చేశారు. మరణించినవారిలో లేవోయిజర్ మామగారు కూడా ఉన్నారు. అప్పటికి లేవోయిజర్ వయసు యాభై ఏళ్ళు. ఒక్క రోజులోనే మరీ ఆన్ తండ్రినీ భర్తనూ పోగొట్టుకొంది. ఇంటి వస్తువులు జప్తు అయ్యాయి. పరిస్థితులు చక్కబడిన తరవాత ఆమె ఆస్తిని తిరిగి సంపాదించుకొని, భర్త చెరసాలలో కూర్చిన సంపుటాలను వెలుగులోకి తెచ్చింది.

లేవోయిజర్ పోయినా ఆయన నిర్వచనం పని చేస్తూనే ఉంది. 1798లో రమ్‌ఫర్డ్ అనే శాస్త్రజ్ఞుడు ఫిరంగి గొట్టాలను తొలిచేటప్పుడు రాపిడి వల్ల అంతులేని వేడి పుట్టడం గమనించాడు. ఒక వస్తువులో దాగిన పదార్థం అంతులేకుండా వెలువడడం సాధ్యం కాదు గనుక వేడి ఒక చలనమని వాదించాడు. మరీ ఆన్ 1804లో పెళ్ళాడింది ఈ రమ్‌ఫర్డ్‌నే. ఆ దాంపత్యం ఎంతో కాలం సాగలేదు గాని కెలోరిక్‌పై ఆయన ఎత్తిన సందేహం మాత్రం నిలిచింది. పందొమ్మిదవ శతాబ్దం నడిమికి కెలోరిక్ శాస్త్రం నుంచి తొలగిపోయింది. 1808లో డేవీ విద్యుత్తుతో సున్నం నుంచి కాల్షియం అనే లోహాన్ని వేరుచేశాడు. లేవోయిజర్ అనుమానించినట్లే సున్నం మూలకాల పట్టిక నుంచి దిగిపోయింది. ఆయన పట్టికను ఆయన నిర్వచనమే దిద్దింది.

ఆయన పెట్టిన ఒక పేరు మాత్రం తప్పును మోస్తూనే మిగిలింది. ఆమ్లాలన్నిటికీ మూలం తాను గుర్తించిన వాయువేనని లేవోయిజర్ నమ్మాడు. అందుకే గ్రీకు మాటలతో దానికి ఆక్సిజన్ అని పేరు పెట్టాడు. ఆమ్లాన్ని పుట్టించేదని ఆ పేరుకు అర్థం. తెలుగువారు దానిని ఆమ్లజని అని అనువదించుకొన్నారు. 1810లో డేవీ క్లోరిన్ ఒక మూలకమనీ, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆమ్లజని లేనేలేదనీ చూపాడు. ఆమ్లజని గలదే ఆమ్లమన్న నిర్వచనం అవ్యాప్తి దోషంతో వీగిపోయింది. వస్తువు ఉంది, పేరూ ఉంది, పేరులోని భావన మాత్రం పోయింది. తెలుగువారు ఆ వాయువుకే ప్రాణవాయువు అని మరొక పేరు కూడా పెట్టుకొన్నారు. పేరు ఏదైనా, ఆ వాయువును పేరును బట్టి కాక గుణాన్ని బట్టి తెలుసుకోవాలి.

కిలోగ్రాము కథ ఇంకా విచిత్రమైనది. నీటిని ఆధారం చేసుకొని మొదలైన ఆ భావనకు 1799లో ప్లాటినం దిమ్మెను గుర్తుగా చేశారు. 1889లో ప్లాటినం, ఇరిడియం కలిపి చేసిన కొత్త దిమ్మెను పారిస్ దగ్గర సెవ్ర్ అనే చోట భద్రపరిచారు. అప్పటి నుంచి ఆ దిమ్మె బరువే కిలోగ్రాము. మన దేశంలో 1956లో చేసిన చట్టం ప్రకారం సేర్లు, వీశెలు, మణుగులు పోయి కిలోగ్రాము వచ్చింది. కాని సుమారు నూరేళ్ళ తరవాత పోల్చి చూస్తే ఆ దిమ్మెకూ దాని నకళ్ళకూ మధ్య దాదాపు 50 మైక్రోగ్రాముల తేడా కనిపించింది. దిమ్మె తగ్గినా పెరిగినా నిర్వచనం ప్రకారం అది కిలోగ్రామే, మారినది మిగిలిన ప్రపంచమే అనవలసి వస్తుంది! భావనను ఒక వస్తువుకు కట్టివేస్తే కలిగే చిక్కు ఇదే. చివరకు 2019 మే 20 నుంచి ఆ దిమ్మెను పక్కన పెట్టి, ఎన్నటికీ మారని ప్లాంక్ స్థిరాంకం ఆధారంగా కిలోగ్రామును నిర్వచించారు. ప్రకృతి నుంచి కొలత తీసుకోవాలన్న నాటి అకాడమీ కోరిక అప్పటికి పూర్తిగా తీరింది.

లేవోయిజర్ జీవితంలో గొప్ప విజయాలున్నాయి, పొరపాట్లూ ఉన్నాయి. ఆయన లేని పదార్థానికున్న పేరును తొలగించాడు, అటువంటి పేరునే మరొకదానిని నిలబెట్టాడు. అయినా తాను చెప్పిన మాటను తన తరవాతివారు పరీక్షించి దిద్దుకోవడానికి వీలుగా చెప్పి వెళ్ళాడు. ఒక కొత్త మాట విన్నప్పుడు అది వస్తువును తెలిపే పేరా, భావనను తెలిపే పేరా అని ముందు విచారించాలి. వస్తువైతే చూడాలి, తాకాలి, తూచాలి. భావన అయితే దాని హద్దులేమిటో, అది తప్పయితే ఆ తప్పు ఎలా తెలుస్తుందో అడగాలి. పాఠ్యపుస్తకంలో చదివే మాటలకే గాక, మనుషులను కలిపీ విడదీసీ పిలిచే పేర్లకు కూడా ఈ విచారణ అవసరం.